మూడో విజిల్

మా ఇంట్లో కుక్కర్‌కి మూడు విజిల్స్ లెక్క. మొదటిది నా చెవికెక్కదు. రెండోది రాగానే నాకు బాత్రూంకి వెళ్ళాలనిపిస్తుంది. మూడోది వచ్చే వేళకి నేను లోపల గడియ పెట్టుకుని, బకెట్లోకి కుళాయి తిప్పేసి, లోకంతో నాకేం సంబంధం అన్నట్టు నిలబడి ఉంటాను. మేడ మీద బట్టలారేస్తున్న మా ఆవిడ అక్కణ్ణుంచే "ఏవండీ, మూడొచ్చాయి, స్టవ్ కట్టెయ్యండి" అని కేకేస్తుంది. నీళ్ళ చప్పుడులో నాకది వినబడదు. వినబడదంటే, వినబడుతుంది. కాసేపటికి చెప్పుల చప్పుడు మెట్లు దిగుతుంది, స్టవ్ మీట టక్కుమంటుంది, ఒక నిట్టూర్పు వంటింట్లోంచి హాల్లోకి నడిచొస్తుంది. అప్పుడు నాకు పని అయిపోతుంది.

నటన అనుకుంటారేమో. పెళ్ళైన మొదటి ఏడు నటనే. ఇప్పటికి 16 ఏళ్ళయింది. ఇప్పుడు నిజంగానే వస్తుంది. డాక్టరుకి చూపించుకుందామని ఒకసారి బయల్దేరాను గానీ, "ఎప్పుడెప్పుడు వస్తోంది?" అని ఆయన అడిగితే "కందిపప్పు ఉడికేటప్పుడండీ" అని చెప్పే ధైర్యం చాలక సందు చివర్నుంచి తిరిగొచ్చేశాను.

పోనీ మా కుక్కర్ ఒక్కదానికే వస్తుందా అంటే, లేదు. పక్కింటివాళ్ళది కూసినా వస్తుంది. ఎదురు అపార్టుమెంటులో మూడో అంతస్తు వాళ్ళది కూసినా వస్తుంది. మేం ఉండేది రాజమండ్రిలో, గోదావరి స్టేషనుకి కూతవేటు దూరంలో. అద్దెకి దిగిన కొత్తలో రైలింజన్లకి కూడా లేచేవాణ్ణి. ఒక చప్పుడుకి నేర్చుకున్నదాన్ని దాని చుట్టపక్కాలన్నిటికీ వర్తింపజేయడాన్ని మా శాస్త్రంలో సాధారణీకరణం అంటారు. తేడా కనిపెట్టి అసలుదానికే స్పందించడాన్ని విచక్షణ అంటారు. నాకు విచక్షణ లేదని మా ఆవిడ ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పింది.

మా శాస్త్రం అన్నాను కదా, అదే నా కూడు. టెట్, డీయస్సీ రాసేవాళ్ళకి సైకాలజీ చెబుతాను. టెట్‌లో 150 మార్కులుంటే అందులో 30 శిశు వికాసం, పెడగాజీవి. ఆ 30లో అభ్యసన సిద్ధాంతాలు పడని ఏడు లేదు. కుక్క అంటే పావ్‌లోవ్, పిల్లి అంటే థార్న్‌డైక్, ఎలుకా పావురమూ అంటే స్కిన్నర్, చింపాంజీ అంటే కోహ్లర్. నా క్లాసు బయట నిలబడి వినేవాళ్ళకి లోపల జూపార్కు గైడెవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 22 ఏళ్ళుగా ఇదే పని. పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ బహుమతి దేనికొచ్చిందని అడుగుతాను. క్లాసంతా "కుక్కా, గంటా సార్" అంటుంది. కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. పైగా ఆయన ఎక్కువగా వాడింది గంట కాదు. టిక్కు టిక్కుమనే మెట్రోనోము, బజరు, అలాంటివి. "కానీ మీరు మాత్రం గంట అనే పెట్టండి, కీలో అదే ఉంటుంది" అని కూడా నేనే చెబుతాను. నిజం ఒకటి, మార్కు ఒకటి. ఇంకో సంగతి క్లాసులో చెప్పను, పిల్లలు టిఫిన్ తిని వస్తారు కనక: ఆ ప్రయోగశాలలో కుక్కల కడుపులోంచి తీసిన జఠరరసాన్ని అజీర్తి మందుగా సీసాల్లో అమ్మేవారు. కొని తాగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంత తెలిసినవాణ్ణి. ఏ ఉద్దీపనకి ఏ ప్రతిస్పందన వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నిద్రలో లేవడం దగ్గరే మొదటి దెబ్బ తిన్నాను.

మా మొదటి బ్యాచ్ పొద్దున్న 6 గంటలకి. 4:30కి లేవాలి. ఫోన్లో ఉన్న అలారం చప్పుళ్ళన్నీ పక్కింట్లో దొంగలు పడ్డట్టు ఉంటాయని, నాకు ప్రాణమైన ఘంటసాల పాట ఒకటి పెట్టుకున్నాను. మా నాన్న గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసే పాట. పొద్దున్నే ఆయన గొంతు విన్నట్టు ఉంటుందని ఆశ. క్లాసులో పావ్‌లోవ్ శాస్త్రీయ నిబంధనం చెప్పి, బల్ల మీద చాక్‌పీసు పెట్టి, ఇంటికొచ్చి ఈ పని చేశాను చూడండి!

నెల తిరక్కుండానే ఆ పాట పల్లవి ఎక్కడ వినబడినా నా కడుపులో తిప్పడం మొదలైంది. ఆటోలో వినబడితే దిగిపోవాలనిపించేది. ఒక పెళ్ళిలో బ్యాండువాళ్ళు అందుకుంటే, చేతిలో ఉన్న అక్షింతలు అక్కడే జారిపోయి, కుర్చీలో కూర్చునే నాకు చలి పుట్టింది. చీకటి, చన్నీళ్ళు, పాచి నోరు, ఇంకా తెమలని నిద్ర, ఇవన్నీ కలిసి ఘంటసాల గొంతులోకి ఎక్కేశాయి. మా నాన్న గొంతు ఎటు పోయిందో తెలీదు.

1920లో బాల్టిమోర్‌లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ కలిసి ఆసుపత్రిలో ఒక పసివాడికి చేసింది ఇదే. ఆల్బర్ట్ అని పేరు పెట్టి రాశారు వాణ్ణి. 11 నెలలవాడు. తెల్ల ఎలుకని చూస్తే సరదాపడేవాడు. వాడు ఎలుకని ముట్టుకోబోతే చాలు, వెనకనుంచి ఇనప కడ్డీ మీద సుత్తితో కొట్టేవారు. కొన్నిసార్లకే వాడు ఎలుకని చూస్తే గుక్కపెట్టడం నేర్చాడు. తర్వాత కుందేలుని చూసినా, బొచ్చుకోటుని చూసినా అంతే. విరుగుడు చెయ్యకుండానే పిల్లవాడు ఆసుపత్రి వదిలి వెళ్ళిపోయాడు. అదే ఏడు వాట్సన్ కూడా రేనర్‌తో వ్యవహారం బయటపడి విశ్వవిద్యాలయం వదలాల్సి వచ్చింది. న్యూయార్కులో ప్రకటనల కంపెనీలో చేరి బాగా సంపాదించాడు. అక్కడితో ఊరుకోకుండా 1928లో తల్లులకి పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దులాడొద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే కరచాలనం చెయ్యండి చాలు అని అందులో సలహా. నేను ఒకరోజు మా వాడికి పొద్దున్నే చెయ్యి చాపాను. "ఏమైంది నాన్నా, ఒంట్లో బాలేదా?" అన్నాడు.

సరే, నా పాట సంగతి. దీనికి విరుగుడుంది, అదీ నాకు తెలుసు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నవాడికి భయం పోగొట్టింది. వాడు ఇష్టమైనది తింటూండగా కుందేలుని పంజరంలో గదికి ఆ చివర పెట్టించేది. రోజురోజుకీ కాస్త దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి. చివరికి వాడి వేళ్ళని కుందేలు కొరికినా ఊరుకున్నాడు. నేను కుందేలు స్థానంలో పాటని, పీటర్ స్థానంలో నన్ను పెట్టుకుని, ఆదివారం ఆదివారం ఉప్మా పెసరట్టు తింటూ ఫోను హాలుకి ఆ చివర, టీవీ వెనకాల, వినీ వినబడనట్టు పెట్టి మోగించడం మొదలెట్టాను. మొదటి ఆదివారం బాగానే ఉంది. రెండో ఆదివారం ఫోను సోఫా దాకా వచ్చింది. అల్లం పచ్చడి గొంతు దిగింది. మూడో ఆదివారం నేను రెండో పెసరట్టు విరవబోతుంటే మా అమ్మ లేచి, "ఒరేయ్, ఫోను అక్కడ మర్చిపోయావు, పాపం ఎవరో చేస్తున్నారు" అని దాన్ని పట్టుకొచ్చి నా పళ్ళెం పక్కన పెట్టింది. వస్తూ వస్తూ వినబడ్డంలేదని సౌండు మొత్తం పెంచింది.

జోన్స్ తన వ్యాసంలోనే హెచ్చరించింది: ఇది సున్నితమైన పని, తెలియనివాళ్ళు మోటుగా చేస్తే తిండి మీది ఇష్టం కుందేలుకి అంటడం బదులు కుందేలు మీది భయం తిండికి అంటుకుంటుందని. ఈ ముక్క కూడా నాకు తెలుసు. ఇప్పుడు పెసరట్టు చూస్తే తెల్లవారుజామున 4:30 అయినట్టు ఉంటుంది. పాటా పోయింది, పెసరట్టూ పోయింది. ఆదివారాలు ఇడ్లీ తింటున్నాను.

ఇక్కడితో ఆగినా మర్యాద దక్కేది. ఎవడి మీద వాడు చేసుకునే ప్రయోగం ఎవరికీ చేటు కాదు. నేను పిల్లల మీదికి వెళ్ళాను.

మా వాడు ఎనిమిదో తరగతి, అమ్మాయి ఐదు. ఒక వేసవిలో ఫ్రిజ్ తలుపు మీద చార్టు అంటించాను. మంచి పనికి నక్షత్రం, పది నక్షత్రాలకి ఇరవై రూపాయలు. పునర్బలనం, అంటే పనిని మళ్ళీ చేయించే ప్రతిఫలం, పనయిన వెంటనే అందాలి కనక జేబులో నక్షత్రాల స్టిక్కర్లు పెట్టుకుని ఇంట్లో తిరిగేవాణ్ణి. పక్కబట్టలు మడతపెడితే ఒకటి. తిన్న కంచం కడిగితే ఒకటి. హోంవర్కుకి రెండు. మా అమ్మ చూసి, "పోలేరమ్మ జాతరలో బొట్టు పెట్టేవాడిలా ఉన్నావురా" అంది.

వారం రోజులు ఇల్లు అద్దంలా ఉంది. రెండో వారం ఒక మధ్యాహ్నం మా వాడి గదిలోకి తొంగిచూస్తే, మడతపెట్టిన దుప్పటిని వాడే విప్పి, మంచం మీద పరిచి, మళ్ళీ మడతపెడుతున్నాడు. ఆరోజుకి అది నాలుగోసారి. "చార్టులో రోజుకి ఒక్కసారే అని రాయలేదుగా" అన్నాడు. నిజమే, రాయలేదు. ఏ పనికి ఫలితం బాగుంటే ఆ పని మళ్ళీ మళ్ళీ చేస్తారని థార్న్‌డైక్ ఫలిత నియమం. నియమం తప్పలేదు. నేను జీతమిచ్చింది శుభ్రతకి కాదు, మడతకి.

దీనికి నవ్వొచ్చింది. అమ్మాయి సంగతికి నవ్వు రాలేదు.

మేడ మీద తొట్లలో కనకాంబరాలు, ఒక ముద్దమందారం, తులసి ఉన్నాయి. మా అమ్మాయి ఎవరూ చెప్పకుండానే సాయంత్రంపూట మగ్గుతో నీళ్ళు పోసేది. పోస్తూ వాటితో ఏదో మాట్లాడేది. స్కూల్లో టీచర్ ఎవర్ని తిట్టిందో మందారానికి ముందు తెలిసేది, తర్వాత మాకు. ఇంత మంచి పనికి చార్టులో చోటు లేకపోవడం అన్యాయమనిపించింది నాకు. రోజుకి రెండు నక్షత్రాలు రాశాను. పిల్ల సంతోషించింది. లెక్కగా పోసింది. మాట్లాడ్డం ఎప్పుడు మానేసిందో నేను చూడలేదు.

రెండు నెలలకి నా ఖజానా అడుగంటింది. స్కూళ్ళు తెరిచారు కదా అని చార్టు చింపేశాను. పది రోజుల తర్వాత మేడెక్కితే మందారం తలవాల్చేసి ఉంది. కిందికొచ్చి, "అమ్మలూ, మొక్కలకి నీళ్ళు పొయ్యట్లేదా?" అన్నాను. అది టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఇప్పుడు ఎన్ని స్టార్లు నాన్నా?" అంది.

ఈ ప్రశ్న 1973లోనే పుస్తకాల్లోకెక్కింది. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లో నర్సరీ బడి పిల్లల్ని తీసుకున్నారు. బొమ్మలెయ్యడమంటే చెవికోసుకునే పిల్లలు. కొందరికి ముందే చెప్పారు, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బనూ ఉన్న పత్రం ఇస్తామని. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. కొన్నాళ్ళు పోయాక చూస్తే, ముందే బహుమతి ఒప్పుకుని వేసినవాళ్ళు తమంతట తాము బొమ్మలకి పెట్టే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే, కూలి ఆగిన రోజున ఇష్టం కూడా లేచిపోతుంది. బంగారు నక్షత్రమే! నేను కొన్న స్టిక్కర్లు కూడా బంగారు రంగువే. ఈ ప్రయోగం మీద నేను స్వయంగా నాలుగు బిట్లు తయారుచేసి పిల్లల చేత వల్లెవేయించాను. నా బిట్టు నాకే తగిలింది.

మందారానికి మా ఆవిడ నీళ్ళు పోసి బతికించింది. నన్నేమీ అనలేదు, అదే బాధ. సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం మేడ మీంచి గుసగుసలు వినబడ్డాయి. మెట్ల మీదే ఆగిపోయాను. అమ్మాయి మళ్ళీ ఎందుకు మొదలెట్టిందో నేను అడగలేదు. మెచ్చుకోనూ లేదు. చప్పుడు కాకుండా కిందికి దిగొచ్చేశాను.

మా వాడికి మాత్రం నక్షత్రాలతో పనిలేదు. వాడికి కావలసింది ఫోను. "నాన్నా, ఒక్కసారి ఫోను" అంటాడు. కుదరదంటాను. మళ్ళీ అడుగుతాడు. చదువుకో అంటాను. మూడు, నాలుగు, ఐదు. ఆరోసారికి నా గొంతు పెరుగుతుంది. ఏడోసారికి, "ఇదిగో, తీసుకుని తగలడు" అని చేతిలో పెడతాను. నా దృష్టిలో నేను ఆరుసార్లు కాదన్న తండ్రిని. వాడి దృష్టిలో నేను ఏడోసారి ఇచ్చే తండ్రిని. మా ఇద్దరిలో స్కిన్నర్ చదివింది నేను, అర్థం చేసుకుంది వాడు.

స్కిన్నర్‌కి ఈ సంగతి బద్ధకం వల్ల తెలిసింది. అందుకే ఆయనంటే నాకు అభిమానం. ఎలుకలకి పెట్టే తిండి బిళ్ళలు ఆయన సొంతంగా, మందుల షాపువాళ్ళు మాత్రలు చేసే పద్ధతిలో తయారుచేసుకునేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం లెక్కచూసుకుంటే సరుకు సోమవారం పొద్దుటికి అయిపోయేలా ఉంది. సాయంత్రమంతా కూర్చుని బిళ్ళలు నొక్కాలి. ఎవరికి మనసొప్పుతుంది? ప్రతి నొక్కుకీ ఒక బిళ్ళ ఎందుకివ్వాలి, నిమిషానికి ఒకటిస్తే పోలా అనుకున్నాడు. ఎలుకలు మానేస్తాయేమో అనుకుంటే మానలేదు, ఓ పద్ధతిగా నొక్కుతూనే ఉన్నాయి. తర్వాత్తర్వాత తేలింది ఏమిటంటే, ఎప్పుడూ దొరికేదాని కన్నా ఎప్పుడో ఒకప్పుడు దొరికేదాన్నే ప్రాణి మొండిగా పట్టుకుంటుందని. పేకాట క్లబ్బుల్ని నిలబెట్టిందీ అదే, మా వాణ్ణి నిలబెట్టిందీ అదే.

అయితే పునర్బలనం పూర్తిగా ఆపేస్తే అలవాటు క్రమంగా చచ్చిపోతుంది. విరమణ అంటారు. కానీ చచ్చే ముందు ఒకసారి విజృంభిస్తుంది, దీపం ఆరబోయే ముందు పెద్దదైనట్టు. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను: రేపట్నుంచి ఎన్నిసార్లు అడిగినా ఫోను లేదు, మొదట్లో గోల పెరుగుతుంది, ఎవరూ చలించకూడదు. మా ఆవిడ సరేనంది. అమ్మ తలూపింది. మర్నాడు మా వాడు ఏడు దాటాడు, పది దాటాడు, పన్నెండోసారికి తలుపు దభాలున వేశాడు, పదిహేనోసారికి అన్నం మానేస్తానన్నాడు. నేను కొండలా కూర్చున్నాను. 19 అయింది. ఇంక చల్లారుతుందని నాకు తెలుస్తూనే ఉంది. ఇరవయ్యోసారి వాడు నోరు తెరవగానే మంచం మీంచి మా అమ్మ, "పసివెధవని ఏడిపించుకు తింటున్నారు, ఇదిగో నాన్నా, నా ఫోను తీసుకో" అని దిండు కిందనుంచి తీసిచ్చింది.

ఏడుతో పోయేదాన్ని ఇరవై చేశాం. ఇప్పుడు మా వాడు పందొమ్మిది దాకా అలుపు లేకుండా అడుగుతాడు. ముందు లేని ఓపిక వచ్చింది వాడికి, అదొక్కటే లాభం.

నా బాత్రూం సంగతికి ఒక్కసారి మాత్రం మినహాయింపు ఉంది, అది చెప్పి తీరాలి. 2011 ఏప్రిల్ 2. వాంఖడేలో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. సెహ్వాగ్ పోయాడు, సచిన్ పోయాడు. సచిన్ పోయాక నేను దివాన్ మీద ఎడంకాలు దిండు మీదేసి పడుకున్నాను. అక్కణ్ణుంచి ఆట తిరిగింది. ఇంక నేను కదిలితే ఒట్టు! వంటింట్లో కుక్కర్ రెండు కూతలు వేసింది, మూడు వేసింది, నాలుగు వేసింది. లేవలేదు. ధోనీ సిక్సు కొట్టేదాకా ఎడంకాలు తిమ్మిరెక్కినా తియ్యలేదు. మనం గెలిచాం, పప్పు మాడింది. తర్వాత 2023 నవంబర్ 19న మళ్ళీ ఫైనల్, అదే దివాన్, అదే దిండు, అదే కాలు. 12 ఏళ్ళు పెద్దదైన మోకాలు. ఓడిపోయాం. పొద్దున్న దిండు గలీబు ఉతికినందుకు మా ఆవిణ్ణి ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఇలాంటి మూఢనమ్మకం పావురాలకీ ఉంది. 1948లో స్కిన్నర్ 8 పావురాలని తీసుకుని, అవి ఏం చేసినా చెయ్యకపోయినా 15 సెకన్లకోసారి గింజలు వచ్చేలా పెట్టాడు. ఎనిమిదిలో ఆరు, గింజ వచ్చే క్షణాన ఏం చేస్తున్నాయో అదే పట్టుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరగడం, ఒకటి మూలకి తల పెట్టడం, రెండు లోలకంలా ఊగడం. ఎడంకాలు దిండు మీదేసిన పావురం అందులో లేదు.

ఇక అసలు సంగతి. మొన్న దసరా వెళ్ళిన మూడో ఆదివారం. మా ఆవిడ అమ్మాయిని తీసుకుని అమలాపురం పుట్టింటికి వెళ్ళింది. అమ్మ పడుకుంది. కర్రీ పాయింటు నుంచి నేను పప్పూ, కూరా తెచ్చాను. టీవీలో మ్యాచి మంచి పట్టు మీద ఉంది. వంటింట్లో రెండో విజిల్ వినబడింది. లేచాను. గడియ పెట్టాను. కుళాయి తిప్పాను. మూడోది వస్తుందనీ, "ఏవండీ" అని వినబడుతుందనీ చూస్తున్నాను. రాలేదు. బకెట్ నిండింది. పొంగింది. నాలో ఏదో సర్దుకోవడంలేదు. పొద్దున నేనే కడిగి బోర్లించిన కుక్కర్, మూత పక్కన విడిగా ఆరబెట్టిన రబ్బరు రింగు కళ్ళ ముందు కదిలాయి.

బయటికొచ్చాను. కుక్కర్ బోర్లించినచోటే ఉంది. దాని పక్కన, పోపుల డబ్బాకి ఆనించి, అమ్మ ఫోను. హాల్లో మా వాడు నా కుర్చీలో, నా రిమోట్‌తో, వాడి ఛానలు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"నా ఎండాకాలం సెలవల నుంచి."

"ఎవరు నేర్పారు నీకిది?"

"నువ్వే. కరోనాలో ఈ గదిలోంచే కదా క్లాసులు చెప్పావు, గోడవతల్నుంచి అంతా వినబడేది. కుక్క, గంట."

అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. వింటున్నాడని ఎవరనుకున్నారు! 1930లో టోల్మన్, హాంజిక్ ఎలుకల్ని తిండి పెట్టకుండానే పది రోజులపాటు ఒక చిక్కుదారిలో తిరగనిచ్చారు. పనికిరానివి లెమ్మనుకున్నారు చూసేవాళ్ళు. పదకొండో రోజున చివర్న తిండి పెట్టారు. మర్నాడే అవి ఎప్పట్నుంచో తెలిసినట్టు తిన్నగా వెళ్ళిపోయాయి. నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది, అవసరం పడేదాకా బయటపెట్టలేదంతే. గుప్త అభ్యసనం. మా చిక్కుదారి చివర్న ఉన్నది రిమోటు.

"మరి నాకు అనుమానం రాలేదేం?"

"రోజూ వేస్తే వస్తుంది. అప్పుడప్పుడూ వేస్తే రాదు. అదీ నువ్వే చెప్పావు."

కోపం రావలసిన చోట నాకు కొంచెం గర్వం వచ్చింది. దాన్ని మొహంలో కనబడనియ్యకుండా, "మీ అమ్మకి తెలిస్తే చంపుతుంది" అన్నాను.

"అమ్మే రికార్డు చేసిచ్చింది. మూడు చేద్దామన్నాను. రెండు చాల్రా, మూడోది దండగ అంది."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. 16 ఏళ్ళ నీళ్ళ చప్పుడు నా చెవుల్లో తిరిగింది. మా వాడు రిమోటు టీపాయ్ మీద పెట్టి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, "నాన్నా, ఇది శాస్త్రీయమా, కార్యసాధకమా? బిట్టు వస్తే ఏది పెట్టాలి?" అన్నాడు.

ఇంత మంచి ప్రశ్న నన్ను 22 ఏళ్ళలో ఏ అభ్యర్థీ అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండూనూ అన్నాను. 1947లో మౌరర్ అనే ఆయన చెప్పాడు, ఇది రెండు మెట్లు. మొదటిది పావ్‌లోవ్ పద్ధతి: విజిల్ వెనకాలే మీ అమ్మ కేక వస్తుంది కనక విజిల్‌కే నాకు గుండె గుభేలుమనడం. రెండోది స్కిన్నర్ పద్ధతి: గడియ పెట్టుకోగానే ఆ గుబులు తగ్గడం. తగ్గింది కనక మళ్ళీ వెళ్తాను. దాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు, అందరూ దండన అని తప్పు పెడతారు, నువ్వు పెట్టకు. దండన పనిని తగ్గిస్తుంది, ఇది పెంచుతుంది. కారులో బెల్టు పెట్టుకునేదాకా కుయ్యికుయ్యిమంటుంది చూడు, అది. అసలు తమాషా ఏమిటంటే, ప్రతిసారీ తప్పించుకుంటాను కనక, తప్పించుకోకపోతే ఏమవుతుందో నాకు ఎప్పటికీ తెలియదు. ఒక్కసారి అక్కడే నిలబడి, స్టవ్ కట్టేసి, చూస్తే చాలు. రేపు మీ అమ్మ వచ్చాక నేను చెయ్యబోయేది అదే. కారణం తెలిసినవాణ్ణి కదా, ఇంక నన్నది ఏం చేస్తుంది, అని బల్ల మీద చెయ్యి కొట్టాను.

పక్కింట్లో కుక్కర్ కూసింది. నేను మాట కొనసాగించాను. మౌరర్ తర్వాత వచ్చినవాళ్ళు దీని మీద ఏమన్నారంటే, అన్నాను. రెండోది కూసింది. ఏమన్నారంటే, అన్నాను మళ్ళీ.

మా వాడు నా మొహంలోకి చూశాడు. టీపాయ్ మీద రిమోటు అందుకుంటూ, "వెళ్ళి రా నాన్నా, వచ్చాక చెబుదువుగాని" అన్నాడు.